మా ఇంటి హౌజు లోతు

బోళ్లు తోముతున్నాను. గిన్నెలు, గంటెలు, చాయ్ గిన్నె అన్నీ అయిపోయాక కుప్ప అడుగున ఒకటి మిగిలింది. నల్లగా, అరచేతిలో పట్టేంత ఉంటుంది. ఒక పక్క నుంచి పొడుగాటి వైరు తోకలా వేలాడుతుంది. అది వంటింటిది కాదు, మా ఆఫీసుది. దాన్ని పడవ అడుగున కట్టి చెరువు లోతు కొలుస్తాం. ఆఫీసులో నీళ్లు రావు కనుక కడగడానికి ఇంటికి తెస్తుంటాను. నీళ్లు కొలిచే ఆఫీసులో నీళ్లు లేకపోవడం గురించి మేమెవరం మాట్లాడుకోం.

“దాన్ని సుత తోము, నాచు వట్టింది,” అంది పుష్పమ్మ పెద్దమ్మ, గడప మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. “ఇనుప పీచు వెట్టకు. గీతలు వడ్తె మీ సారు నిన్ను అడుగడు, నన్ను అడుగుతడు.”

“సరే పెద్దమ్మా.”

“సరే అంటవు, ఇంకేం అనవు. ఇంట్ల గింత లొల్లి అయితుంటె నోరు తెరవవేందే లతా? పొద్దుమీకి చేపల సంఘపోళ్లొస్తరు. మీ పెద్దబాపు పేరు తీసేస్తమని చెప్పనీకె వస్తరు. అప్పుడన్న తెరుస్తవా?”

తెరుస్తానన్నట్టు తల ఊపాను. పెద్దమ్మకు తల ఊపు సరిపోదు. ఆమె ఇంట్లో ఉన్నంతసేపూ మాట్లాడుతూనే ఉంటుంది. వినేవాళ్లు లేకపోతే పొయ్యితో మాట్లాడుతుంది. నేనూ పొయ్యీ ఆమెకు దాదాపు ఒకటే. పొయ్యి అప్పుడప్పుడు చిటపటలాడుతుంది.

మాది దేవరకొండ దిక్కు ఊరు. అక్కడ లోతు అంటే బోరు లోతే. ఎంత దింపినా దుమ్మే వచ్చేది. ఊరి బడిలో చదివి, డిప్లొమా చేసి, పెద్దమ్మ ఇంట్లో ఉంటూ తిరుమలగిరిలో ఒక చిన్న సర్వే ఆఫీసులో చేరాను. ఇంటర్వ్యూలో రాఘవేందర్ సారు “ఈత వచ్చా?” అని అడిగారు. “నేర్చుకుంటాను సార్,” అన్నాను. ఎక్కడ నేర్చుకుంటానో ఆయన అడగలేదు, నాకూ తెలియదు. నీళ్లంటే భయపడే మనిషి నీళ్ల లోతు కొలవడానికి చేరడం, కళ్లు తిరిగే మనిషి తాటిచెట్టు ఎక్కే పనికి ఒప్పుకోవడం లాంటిది. పడవ ఎక్కగానే కళ్లు మూసుకుంటాను. లోతు చూపే తెర మీద అంకె చూడవలసి వచ్చినప్పుడు ఒక కన్ను తెరుస్తాను.

పని మాత్రం తేలికైనదే. బావిలోకి తొంగి చూసి ‘ఓ’ అని అరిస్తే ఆ అరుపు తిరిగి వస్తుంది కదా, ఈ డబ్బా చేసేది అదే. నీళ్లలోకి కిందికి ఒక చప్పుడు పంపుతుంది. అది అడుగున తగిలి తిరిగి వస్తుంది. పోయి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి లోతు ఎంతో తెర మీద చూపిస్తుంది. మధ్యలో చేప అడ్డం వస్తే తెర మీద చిన్న వంపు గీత పడుతుంది. ఆఫీసులో కూర్చుని ఆ గీతలన్నీ చెరిపేయడం నా పని, లేకపోతే అడుగు లెక్క తప్పుతుంది. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు తుకారాం పెద్దబాపు చాలాసేపు నా వైపు చూశాడు.

“మేము తాతల కాడ్నుంచి చేపలు వడ్తున్నం. నువ్వు చేపల్ని తుడుస్తున్నవా బిడ్డా? మంచి నౌకరే దొరికింది నీకు.”

పెద్దబాపు చేపల సంఘం మనిషి. నేరేడ్‌మెట్ దాటాక ఉన్న చెరువులో ఆయనకు వల వేసుకునే చోటు ఉంది. అది వాళ్ల తాత నుంచి వచ్చింది. ఆ చేపలను పెద్దమ్మ సీతాఫల్‌మండి మార్కెట్లో అమ్ముతుంది. ఎండాకాలం చివర మా ఆఫీసుకు ఆ చెరువునే కొలిచే పని వచ్చింది. పడవ దించాలంటే సంఘం ఒప్పుకోవాలి. సంఘం వాళ్లు వద్దన్నారు. అప్పుడు పెద్దబాపు లేచి, “మా బిడ్డనే గదా కొలిచేది. ఏమన్న అయితె నాది జిమ్మా,” అన్నాడు. నా గురించి పూచీ ఇచ్చిన మొదటి మనిషి ఆయనే. ఆ రోజు గర్వంతో నాకు అన్నం ఎక్కువ సహించింది.

కొలిచాం. దుక్కి దున్నినట్టు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు, ఆ గట్టు నుంచి ఈ గట్టుకు తిరిగాం. ఆ తర్వాత నుంచి వలల్లో చేప పడటం తగ్గిపోయింది. రోజూ గంప నిండా వెళ్లే పెద్దమ్మ గంప అడుగు కనిపించేలా వెళ్లడం మొదలుపెట్టింది. చేపలవాళ్ల ఇంట్లో చిక్కుడుకాయ కూర, మళ్లీ చిక్కుడుకాయ కూర. సంఘం అధ్యక్షుడు విజయేందర్ ఊరంతా చెప్పాడు: గా డబ్బా చప్పుడుకు చేపలకు చెవుడొచ్చింది, భయపడి బురదల దాక్కున్నయి, జిమ్మా అన్నోడు అనుభవించాలె. అంటే సంఘంలో నుంచి పేరు తీసేయాలి, వల చోటు ఇంకొకరికి ఇవ్వాలి.

పెద్దబాపు నన్ను ఒక్కసారే అడిగాడు.

“నిజం చెప్పు బిడ్డా. నీ డబ్బా చేపలను ఏమన్న చేస్తదా?”

ఈ ప్రశ్న కోసమే నేను చాలా చదివి పెట్టుకున్నాను. “అది సెకనుకు రెండు లక్షల సార్లు అదిరే చప్పుడు పెద్దబాపూ. మనకు వినిపించేది ఇరవై వేల దాకానే...”

“లక్షలల్ల చెప్పకు బిడ్డా. చేపలల్ల చెప్పు.”

చేపలల్ల చెప్పడం డిప్లొమాలో నేర్పలేదు.

చెప్పవలసింది చాలానే ఉంది. సముద్రంలో తిమింగలాలు, డాల్ఫిన్లు చప్పుళ్లతోనే దారి వెతుక్కుంటాయి. ఓడలు లోతు కొలిచే చప్పుళ్లు కొన్ని వాటికి వినిపిస్తాయి, కొన్నిసార్లు అవి మేత మానేసి దూరంగా పోతాయి. మన బొచ్చె, రవ్వ చేపల సంగతి వేరు. వాటికి లావు చప్పుళ్లే బాగా వినిపిస్తాయి, ఇంత సన్నటి చప్పుడు వాటి చెవికి అందదు. ఇదంతా మంచి తెలుగులో కూర్చుకుని, అద్దం ముందు నిలబడి చెప్పి చూసుకున్నాను. అద్దంలోని అమ్మాయి చక్కగా ఒప్పుకుంది.

సాయంత్రం కాకముందే సంఘం నుంచి ఇద్దరు వచ్చారు. విజయేందర్ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. వెంట పద్మనాభం తాత ఉన్నాడు, సంఘంలో అందరికన్నా పెద్ద. ఆయనకు చెవులు సరిగ్గా వినపడవు. చేపకు చెవుడు వచ్చిందా లేదా అన్న తగవుకు చెవిటి పెద్దమనిషి తీర్పరి. ఈ మాట నాకు తోచి నవ్వొచ్చింది గానీ, పెద్దబాపు ముఖం చూసి మింగేశాను.

వాకిట్లో హౌజు పక్కన కుర్చీలు వేశాం. హౌజంటే నీళ్లు నిలవ చేసే సిమెంటు తొట్టి, నా నడుము దాకా ఉంటుంది. పెద్దమ్మ చాయ్ ఇచ్చింది.

“తుకారామన్నా, నీ మీద నాకేం కోపం లేదు,” అన్నాడు విజయేందర్. కోపం లేదని చెప్పేవాళ్లు సాధారణంగా ఎంత కోపంగా ఉంటారో అంతే ఉన్నాడు. “గని జిమ్మా అన్నవు. మాట మాటనే గదా.”

“మాటనే,” అన్నాడు పెద్దబాపు. ఆయన చాయ్ ముట్టుకోలేదు.

అందరూ నా వైపు చూశారు. నా ప్రసంగానికి వేళ అయింది. గొంతు సవరించుకున్నాను. “తిమింగలాలు...” అన్నాను.

“ఏందీ?” అన్నాడు పద్మనాభం తాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

“తిమింగలాలు తాతా.”

“మన చెర్వులనా?” అని ఆయన కంగారుపడి పెద్దబాపు వైపు తిరిగాడు.

అక్కడితో నా ప్రసంగం అయిపోయింది. అద్దంలోని అమ్మాయిని తీసుకురావలసింది.

“గీమె తోని కాదు గని,” అంది పెద్దమ్మ, “చెవుడొచ్చిందో లేదో చేపనే అడుగుండ్రి. పొద్దుగాల మీ అన్న వలల నాలుగు బొచ్చెపిల్లలు వడ్డయి. అమ్మనీకె సుత చాలవని హౌజుల ఇడిచిన. డబ్బా ఇంట్లనే ఉన్నది. దించుండ్రి, చూడుండ్రి.”

పద్మనాభం తాతకు ఇది గట్టిగా చెప్పవలసి వచ్చింది. విన్నాక ఆయన తల ఊపాడు. “మంచి మాటనే.” అని కుర్చీ హౌజు దగ్గరికి జరుపుకుని, చెయ్యి నీళ్లలో పెట్టి కూర్చున్నాడు. ఎందుకో ఎవరమూ అడగలేదు.

డబ్బాతో పాటు ఇంటికి తెచ్చిన తెరను బ్యాటరీకి తగిలించి, తోమిన డబ్బాను మెల్లగా నీళ్లలోకి దించాను. టిక్ టిక్ టిక్ అని సన్నగా మొదలైంది. అది డబ్బా లోపలి టిక్కే, అసలు చప్పుడు మన చెవికి అందదు.

“అగో! చప్పుడైతుంది!” అన్నాడు విజయేందర్.

చేపలు మాత్రం ఏమీ అనుకోలేదు. ఒకటి డబ్బా చుట్టూ ఒక చుట్టు తిరిగి, దగ్గరికొచ్చి మూతితో రెండుసార్లు పొడిచి చూసింది. నాచు సరిగ్గా పోలేదన్నమాట. నా అంట్లు తోముడు మీద చేప ఇచ్చిన తీర్పు అది.

“చూసినవా అన్నా? భయమే లేదు,” అంది పెద్దమ్మ.

ఆ గెలుపులో కాసేపు ఉండనిస్తే బాగుండేది. కానీ విజయేందర్ వంగి తెర చూశాడు.

“గిది లోతా? ముప్పై నాలుగు అడుగులా?”

హౌజు నా నడుము దాకానే ఉంటుందని చెప్పాను కదా. చిన్న తొట్టిలో చప్పుడు గోడలకు కొట్టుకుని, పైకి వచ్చి, మళ్లీ కిందికి పోయి, ఎన్నోసార్లు తిరుగుతుంది. డబ్బాకు ఏ చప్పుడు ఎప్పటిదో తెలియక తికమకపడుతుంది. పెద్ద నీళ్లకు అలవాటుపడ్డ యంత్రం చిన్న నీళ్లలో అబద్ధాలు చెబుతుంది. ఇది నాకు బాగా తెలుసు. దించే ముందు గుర్తుకు రాలేదు, అంతే.

“ఇంట్ల సముద్రం వెట్టుకున్నవేందన్నా? జెర పైలం, పిల్లలు గిట్ల వడ్తరు,” అని విజయేందర్ పగలబడి నవ్వాడు. “గీ లెక్క తోనేనా మా చెర్వు కొలిచింది?”

పెద్దబాపు కూడా తెర చూశాడు, తర్వాత నన్ను చూశాడు. ఆ చూపుకు నేను ముప్పై నాలుగు అడుగులూ దిగిపోయాను.

విజయేందర్ నవ్వాపి లేచాడు. “హౌజుల చేప ముందుగాలనే సగం సచ్చి ఉంటది. దానికేం ఎర్కైతది? గిసొంటి ఆటలు చాలు. తుకారామన్నా, రేపు మీటింగుల పేరు తీసేసుడే. ఏమనుకోకు.”

సరిగ్గా అప్పుడు గల్లీ చివర నుంచి కేక వచ్చింది. “నల్లా వచ్చిందీ!”

మా గల్లీలో నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, వచ్చినంత తొందరగానే పోతాయి. పేరు తీసేయనీ, ప్రళయం రానీ, నల్లా వస్తే మోటరు వేయవలసిందే. పెద్దమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని పరుగెత్తి స్విచ్ వేసింది. మోటరు హౌజు గట్టు మీదే బిగించి ఉంటుంది. గుర్రుమని మొదలై గట్టు సన్నగా వణికింది.

నాలుగు చేపలూ ఒక్కసారిగా చెదిరిపోయాయి. ఒకటి ఎగిరి విజయేందర్ తెల్ల చొక్కా మీద పడి, చప్పున జారి, ఆయన చెప్పుల దగ్గర కొట్టుకుంది. మిగిలిన మూడూ మోటరుకు దూరంగా ఉన్న మూలకు పోయి, తలలు గోడకు ఆనించి, ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నట్టు ఒదిగాయి.

“బంద్ చెయ్యే!” అని అరిచాడు పెద్దబాపు. పెద్దమ్మ ఆపింది. కాసేపటికి చేపలు మూలను విడిచి మెల్లగా మధ్యలోకి వచ్చాయి.

“మల్ల వెయ్యి,” అన్నాడు పద్మనాభం తాత.

వేసింది. మళ్లీ మూలకు. ఆపింది. మళ్లీ మధ్యకు. పెద్దమ్మకు ఉత్సాహం వచ్చి ఇంకోసారి కూడా వేసింది. నా డబ్బా పాపం ఇదంతా జరుగుతుంటే టిక్ టిక్ అంటూనే ఉంది, ఎవరూ పట్టించుకోలేదు.

పద్మనాభం తాత నీళ్లలో నుంచి చెయ్యి తీసి ధోతికి తుడుచుకున్నాడు. “నా చెవులకు వినవడది గని చేతికి వినవడ్తది. డబ్బా పెట్టినప్పుడు ఏం తెల్వలే. గిప్పుడు మోచెయ్యి దాక గుంజింది. మన పడవల మోటర్ల లెక్కనే ఉన్నది గిది.”

నాకు సంతోషంతో ఒళ్లు తెలియలేదు. ఆ ఇంట్లో మొదటిసారి గొంతెత్తి అరిచాను.

“మా డబ్బా కాదు తాతా! మోటరు! చేపలకు వినపడేది అదే! చెరువులో మోటర్లు తిరగబట్టే చేపలు దూరం పోతున్నయి! మా డబ్బాది ఏం తప్పు లేదు!”

పద్మనాభం తాతకు కూడా వినిపించేంత గట్టిగా అరిచాను. విజయేందర్ కింద పడ్డ చేపను తీసి నీళ్లలో వేశాడు. పెద్దమ్మ మాట్లాడలేదు. పెద్దమ్మ మాట్లాడలేదంటే నేను ఏదో చేశానని అర్థం.

మెల్లగా తెలిసింది ఏం చేశానో. పోయిన చలికాలం దాకా ఆ చెరువులో అందరూ తెడ్లతోనే పడవలు నడిపేవాళ్లు. పెద్దబాపు కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవకుండా పోయింది. తెడ్డు వేయలేక, ఆఫీసుల చుట్టూ తిరిగి, సగం ధరకు మోటర్లు ఇచ్చే పథకం ఒకటి పట్టుకొచ్చాడు. ఆయన మాట మీద, మేము చెరువు కొలిచే రోజులకే, సంఘంలో అందరూ కొనుక్కున్నారు. మేము చెరువు కొలిచిన పడవకు ఉన్నదీ ఆయన మోటరే. డబ్బాను కాపాడి పెద్దబాపును ముంచాను. రెండూ ఒక్క అరుపుతో.

“మోటర్లు తెచ్చింది నేనే,” అన్నాడు పెద్దబాపు. “మొదలు వెట్టుకున్నది సుత నేనే. పేరు తీసేయాలంటే దీనికి తియ్యుండ్రి. బిడ్డ మీద వెయ్యకుండ్రి.”

విజయేందర్ తడిసిన చొక్కాను దులుపుకుంటూ నిలబడ్డాడు. సంఘంలో అందరికన్నా పెద్ద మోటరు ఆయనదే. గట్టు మీద నిలబడితే ఆయన వస్తున్నాడో రైలు వస్తుందో తెలియదంటారు.

“పేరెందుకు తీసుడు,” అన్నాడు పద్మనాభం తాత. “తీస్తె అందరియి తియ్యాలె. నాది సుత. రేపటి సంది మోటర్లు బంద్ చేద్దాం. తెడ్లు వేసుకుందాం. చేప వస్తదో రాదో చూద్దాం. ఏమంటవు విజయేందర్?”

“అట్లనే కానీ,” అన్నాడు విజయేందర్. గేటు దాకా పోయి ఆగాడు. “గని తుకారామన్నా, రివాజు నీకు ఎర్కనే. సీజన్ల వల ఎయ్యనోని చోటు వేరేటోనికి పోతది. అది నేను వెట్టింది గాదు.”

“ఎర్కనే.”

వాళ్లు వెళ్లిపోయారు. పేరు నిలిచింది. చోటు నిలవాలంటే తెడ్డు వేయాలి, తెడ్డు వేయాలంటే భుజం కావాలి. నేను డబ్బాను నీళ్లలో నుంచి తీసి తుడిచాను. అది చివరి వరకూ ముప్పై నాలుగు అడుగుల మాట మీదే నిలబడింది.

అన్నాల దగ్గర పెద్దబాపు కుడి చెయ్యి లేవక ఎడమ చేత్తోనే గ్లాసు ఎత్తి నీళ్లు తాగుతుంటే నాకు ఉండబట్టలేదు.

“నేను తెడ్డేస్త పెద్దబాపూ. పొద్దున ఆఫీసుకు పోయేముందు.”

ఆయన నా వైపు చూసి, చాలా రోజుల తర్వాత నవ్వాడు. నవ్వుతుంటే పొలమారింది. “నువ్వా? పడవ ఎక్కంగనే కండ్లు మూసుకుంటవు. కండ్లు మూసుకోని ఎటు వోతవు బిడ్డా? మల్ల తిరిగి మీ దేవరకొండకేనా?”

“ఒక కన్ను తెరుస్త.”

“ఒద్దు తల్లీ. నువ్వు మునుగుతవు, నేను నిన్ను గుంజనీకె మునుగుత. మీ అమ్మకు ఏం జెప్పాలె?” నవ్వు అయిపోయింది. “పోనియ్. ఒకరికన్న పనికొస్తది ఆ చోటు.”

పెద్దమ్మ కూర వడ్డిస్తోంది. మార్కెట్లో ఎవరు ఏమన్నారో, చిక్కుడుకాయలు ఎంత ముదిరాయో, ఏమీ చెప్పలేదు. నేను గమనించి, అలిగిందనుకున్నాను. నా మీద అలగడానికి ఆమెకు కారణం ఉంది కనుక అదే సరైన లెక్క అనిపించింది. మనుషులను కనిపెట్టి చూడటం నాకు బాగా వచ్చని నాకొక నమ్మకం ఉండేది.

మర్నాడు వెలుగు రాకముందే పెద్దబాపు లేచాడు. ఎప్పుడూ లేచే వేళకే లేచి, ముఖం కడుక్కుని, వల భుజాన వేసుకోబోయి, మళ్లీ దించి, అరుగు మీద కూర్చున్నాడు. కుడి భుజాన్ని ఎడమ చేత్తో పిసుక్కుంటూ గేటు వైపు చూస్తున్నాడు. నేను చాయ్ పెట్టాను. ఏమనాలో తెలియక చక్కెర రెండుసార్లు వేశాను.

“చక్కెర ఎక్కువైందే,” అన్నాడు.

“అవును పెద్దబాపూ.”

అప్పుడు పెద్దమ్మ లోపలి నుంచి వచ్చింది. మార్కెట్‌కు పోయేటప్పుడు కట్టే మంచి చీర కాదు, పాత నేత చీర. కొంగు నడుము చుట్టూ రెండు వరసలు తిప్పి దోపింది. కుచ్చిళ్లు మోకాళ్ల దాకా ఎత్తి కట్టింది. గంప తీసుకోలేదు. ఆమెకు తెడ్డు వేయడం వచ్చో రాదో నాకు తెలియదు. ఏళ్ల తరబడి ఆ ఇంట్లో ఉండి, ఆమె చెప్పే ప్రతి మాటా విని, ఆ ఒక్కటీ నేను ఎప్పుడూ అడగలేదు.

పెద్దబాపు చాయ్ గ్లాసు కింద పెట్టి, “ఏడికే?” అన్నాడు.

ఆమె వంగి అరుగు మీది వలను తీసి తన భుజాన వేసుకుంది. గేటు గడియ తీసి, మా ఇద్దరి వైపూ చూడకుండా, ఒక్క మాట మాట్లాడకుండా చెరువు దారిన నడిచిపోయింది.